ప్రిన్సిపల్ చేతిలో లేని సంగతులు

పాఠకుల ప్రశ్నలు, జవాబులు: అమెరికా పబ్లిక్ స్కూళ్లు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా ఒకే మాటతో ముగిశాయి: "ప్రిన్సిపల్‌ని అడిగాం, తేలలేదు." తేలకపోవడం ఆయన తప్పు కాదు. చాలా నిర్ణయాలు ఆయన గదిలో జరగవు. అందుకే ప్రతి జవాబులోనూ ఆ నిర్ణయం ఎవరి చేతిలో ఉంది, ఎప్పుడు జరుగుతుంది అన్నదే ముందు చెబుతున్నాం.

ప్రశ్న: ఇల్లు కొన్నది ఫ్రిస్కోలో. ఉత్తరాలు వచ్చేదీ ఫ్రిస్కో అడ్రసుకే. తీరా బాబుని బడిలో వేయబోతే మీది ప్రాస్పర్ ఐఎస్‌డీ అన్నారు. అసలు ఐఎస్‌డీ సిటీ కింద ఉంటుందా?
– ఒక తండ్రి, టెక్సస్

జవాబు: ఉండదు. ఐఎస్‌డీ అంటే ఇండిపెండెంట్ స్కూల్ డిస్ట్రిక్ట్. ఆ మొదటి మాటకు అర్థమే సిటీ నుంచి స్వతంత్రం అని. మన వైపు జిల్లా అనగానే కలెక్టరు గుర్తొస్తాడు గానీ ఇక్కడి స్కూల్ డిస్ట్రిక్ట్‌కి ఆ పోలిక కుదరదు. ఇది సొంతంగా పన్ను వేసే, అప్పు తెచ్చే, తన పాలకుల్ని ఎన్నికల్లో ఎన్నుకునే ఒక చిన్న ప్రభుత్వం. మేయరుకు దీని మీద అధికారం లేదు. న్యూయార్క్ నగరంలా 2002 నుంచి బడులు మేయరు చేతిలో ఉన్న చోట్లు కొన్నే.

డిస్ట్రిక్ట్ గీత, సిటీ గీత కలవాలనే నియమం లేదు. ఫ్రిస్కో ఊరి హద్దుల్లో ఫ్రిస్కో, ప్రాస్పర్, లిటిల్ ఎల్మ్, లూయిస్‌విల్ అనే నాలుగు ఐఎస్‌డీలున్నాయి. అర్వింగ్‌లో ఇళ్లున్న మనవాళ్లలో కొందరి పిల్లలు కొప్పెల్ ఐఎస్‌డీకి వెళ్తారు, కొందరివాళ్లు క్యారల్టన్-ఫార్మర్స్ బ్రాంచ్‌కి. ఇలినాయ్‌లో నేపర్‌విల్‌ని 203, 204 నంబర్ల డిస్ట్రిక్టులు పంచుకున్నాయి. అమెరికా రాజ్యాంగంలో చదువు అనే మాటే లేదు. అది రాష్ట్రాల చేతిలోకి, అక్కడి నుంచి స్థానిక బోర్డుల చేతిలోకి పోయింది. అలా దేశంలో సుమారు 13,000 డిస్ట్రిక్టులు తయారయ్యాయి. హవాయి రాష్ట్రమంతా మాత్రం ఒకటే.

ఇల్లు కొనేముందు అమ్మకం ప్రకటనలో ఉన్న బడి పేరు నమ్మొద్దు. ఆస్తుల విలువ కట్టే కౌంటీ అప్రైజల్ డిస్ట్రిక్ట్ వెబ్‌సైట్‌లో ఆ అడ్రసు కొడితే పన్ను వేసే సంస్థల జాబితా వస్తుంది. అందులో ఐఎస్‌డీ పేరు ఉంటుంది. అదే ఖాయం. ఆ తర్వాత ఆ ఐఎస్‌డీ సైట్‌లో అడ్రసు కొట్టి ఏ బడి జోనో చూసుకోవాలి. డిస్ట్రిక్ట్ హద్దు మారడం అరుదు. బడి జోను మాత్రం బోర్డు ఒక్క ఓటుతో మార్చేయగలదు. పిల్లల సంఖ్య తగ్గిందని ప్లేనో ఐఎస్‌డీ 2024లో నాలుగు బడులు మూసేయాలని నిర్ణయించింది. "ఈ బడి కోసమే ఇల్లు కొన్నాం" అన్న మాటకు చట్టంలో విలువ లేదు.

ఇక పాలన. టెక్సస్‌లో స్కూల్ బోర్డులో సాధారణంగా ఏడుగురు సభ్యులు, అంటే ట్రస్టీలుంటారు, వాళ్లకు జీతం లేదు. న్యూజెర్సీలో ఎక్కువ చోట్ల తొమ్మిది మంది, మూడేళ్ల పదవి. బడ్జెట్, పన్ను రేటు, విధానాలు, జోన్లు, కేలండర్ బోర్డు ఖరారు చేస్తుంది. సూపరింటెండెంట్‌ని నియమిస్తుంది. మిగతా ఉద్యోగులంతా ఆ సూపరింటెండెంట్ కిందివాళ్లే. ఒక్కో ట్రస్టీకి విడిగా ఏ అధికారమూ లేదు. గుడిలో కనిపించిన ట్రస్టీ "నేను చూసుకుంటాలెండి" అంటే అది మర్యాద మాటగానే తీసుకోండి.

ప్రశ్న: మా దగ్గర కోట్ల డాలర్ల బాండు పాస్ చేసి స్టేడియం కడుతున్నారు. టీచర్ల జీతాలు పెంచమంటే డబ్బు లేదంటున్నారు. పైగా బ్యాలెట్ మీద ఇది పన్ను పెంపు అని రాసి ఉంది, డిస్ట్రిక్ట్ వాళ్లేమో రేటు పెరగదంటున్నారు. ఎవరి మాట నిజం?
– పేరు వద్దన్న పాఠకురాలు, టెక్సస్

జవాబు: ఇద్దరి మాటా నిజమే. చిక్కంతా అక్కడే ఉంది.

మీ స్కూలు పన్నులో రెండు పద్దులుంటాయి. ఎం అండ్ ఓ అంటే జీతాలు, కరెంటు, బస్సు నడిపే ఖర్చు. ఐ అండ్ ఎస్ అంటే బాండు అప్పు, అంటే ఓటర్లు ఒప్పుకుంటే డిస్ట్రిక్ట్ తెచ్చే అప్పు, తీర్చే పద్దు. భవనాలు, స్థలాలు, బస్సుల కొనుగోలు, కంప్యూటర్లు బాండులోంచి వస్తాయి. ఆ డబ్బు జీతాలకు మళ్లించడానికి చట్టం ఒప్పుకోదు. కాబట్టి స్టేడియం ఆపితే టీచరుకు జీతం పెరుగుతుందన్న లెక్క తప్పు. స్టేడియం వద్దనుకుంటే ఆ ప్రతిపాదననే విడిగా తిరస్కరించాలి. అందుకు వీలుగా పెద్ద స్టేడియాలను, టెక్నాలజీ కొనుగోళ్లను విడి ప్రతిపాదనలుగా బ్యాలెట్ మీద పెట్టాలని రాష్ట్రం నియమం పెట్టింది. ప్రతిపాదన ఏ కింద బడులు, బీ కింద కంప్యూటర్లు, సీ కింద స్టేడియం అని కనిపిస్తాయి. ఒకదానికి అవునని, మరోదానికి కాదని వేయొచ్చు. మనవాళ్లలో చాలామంది అన్నిటికీ ఒకే ఓటు వేసి వస్తున్నారు.

"ఇది ఆస్తి పన్ను పెంపు" అన్న వాక్యం 2019 చట్టం పెట్టించింది. రేటు పెరిగినా పెరగకపోయినా ప్రతి స్కూలు బాండు మీదా పెద్దక్షరాల్లో ఉండాల్సిందే. డిస్ట్రిక్ట్ "రేటు పెరగదు" అన్నప్పుడు అసలు సంగతి ఏమిటంటే, పాత అప్పు కొంత తీరుతోంది, ఆ ఖాళీలో కొత్త అప్పు కూర్చుంటోంది. కొత్త బాండు లేకపోతే రేటు తగ్గి ఉండేదేమో అని అడిగితే నీళ్లు నములుతారు. ఆ ప్రశ్నే అడగాలి.

మీ ఇంటికి ఎంత పడుతుందో లెక్క కట్టడం తేలిక. ఇంటి విలువ 5,40,000 డాలర్లనుకోండి. సొంతింట్లో ఉండేవాళ్లకు స్కూలు పన్నులో మినహాయింపు 2023లో లక్ష అయింది, 2025 నవంబరు ఓటుతో 1,40,000 అయింది. అది తీసేస్తే పన్ను పడేది 4,00,000 మీద. రేటు వంద డాలర్లకు ఇంత అని ఉంటుంది కాబట్టి ఒక సెంటు పెరిగితే ఏడాదికి 40 డాలర్లు, మూడు సెంట్లయితే 120. మినహాయింపు కోసం దరఖాస్తు పెట్టకుండా ఏళ్ల తరబడి పూర్తి పన్ను కట్టేవాళ్లు మనలో తక్కువేం కాదు. ముందు అది చూసుకోండి. బాండు పత్రాల్లో ఇంకొకటి వెతకాలి: లాప్‌టాప్‌ల కోసం తెచ్చే అప్పు ఎన్నేళ్లలో తీరుతుంది? నాలుగేళ్లలో మూలపడే వస్తువుకు ఇరవై ఏళ్ల అప్పయితే ప్రతిపాదన బీ మీద ఆలోచించాల్సిందే.

జీతాల సంగతి మాత్రం రాష్ట్ర రాజధాని ఆస్టిన్‌లో తేలుతుంది. పిల్లవాడికింత అని రాష్ట్రం ఇచ్చే మూల కేటాయింపు 2019 నుంచి 6,160 డాలర్ల దగ్గరే ఉండిపోయింది. 2025లో 55 డాలర్లు పెంచి, టీచర్ల జీతాలకంటూ వేరే సొమ్ము ఇచ్చారు. ఆస్తుల విలువ ఎక్కువున్న డిస్ట్రిక్టులు స్థానిక పన్నులో కొంత రాష్ట్రానికి తిరిగి కట్టాలి. 1993 నుంచి ఉన్న ఈ ఏర్పాటును రీక్యాప్చర్ అంటారు. అది ఎం అండ్ ఓ పద్దుకే వర్తిస్తుంది, బాండు సొమ్ముకు అంటదు. సంపన్న డిస్ట్రిక్టులకు బాండ్ల మీద అంత మమకారం ఉండటానికి ఇదొక కారణం.

ఆ కేటాయింపు బడిలో నమోదైన పేర్ల సంఖ్య మీద కాదు, రోజువారీ హాజరు మీద వస్తుంది. డిసెంబరులో ఇండియా వెళ్లి నెల రోజులు ఉండిపోతే బడికి ఆ మేరకు సొమ్ము తగ్గుతుంది. కాలిఫోర్నియాలోనూ అంతే. పిల్లవాడి వైపు నుంచి చూస్తే, టెక్సస్‌లో క్లాసు జరిగిన రోజుల్లో 90 శాతం హాజరు లేకపోతే క్రెడిట్ చిక్కులో పడుతుంది. టికెట్లు కొనకముందే అటెండెన్స్ ఆఫీసులో మాట్లాడుకోండి.

ప్రశ్న: మా అమ్మాయి ఐదో గ్రేడ్. క్యాలిక్యులస్ దాకా వెళ్లాలంటే ఇప్పుడే ఏదో చేయాలని తోటి తల్లులు కంగారు పెడుతున్నారు. నిజంగా ఐదో గ్రేడ్‌లోనే తేలిపోతుందా?
– ఒక తల్లి, డల్లాస్ ప్రాంతం

జవాబు: తేలిపోదు గానీ, దారి చీలేది అక్కడే. వెనక నుంచి లెక్క పెట్టండి. పన్నెండులో ఏపీ (కాలేజీ స్థాయి) క్యాలిక్యులస్ చదవాలంటే పదకొండులో ప్రీక్యాలిక్యులస్, పదిలో ఆల్జీబ్రా 2, తొమ్మిదిలో జామెట్రీ, ఎనిమిదిలో ఆల్జీబ్రా 1 అయిపోవాలి. ఎనిమిదిలో ఆల్జీబ్రా అంటే ఆరు, ఏడు, ఎనిమిది గ్రేడ్ల లెక్కలు రెండేళ్లలో ముగించాలి. ఆ కుదించిన క్లాసు ఆరో గ్రేడ్‌లో మొదలవుతుంది. అందులో చోటు ఐదో గ్రేడ్ చివర ఖరారవుతుంది.

టెక్సస్‌లో ఇది 2023 చట్టంతో కొంత మారింది. ఐదో గ్రేడ్‌లో స్టార్ అనే రాష్ట్ర పరీక్షలో లెక్కల్లో మొదటి 40 శాతంలో ఉన్న పిల్లల్ని డిస్ట్రిక్ట్ తనంతట తానే ఆరో గ్రేడ్ అడ్వాన్స్‌డ్ లెక్కల్లో వేయాలి. తల్లిదండ్రులు వద్దని రాసిస్తేనే తీస్తారు. టీచరు సిఫారసు కోసం బతిమాలే రోజులు పోయాయి. కాబట్టి చేయాల్సింది ఇంతే: స్టార్ రోజున ఊళ్లో ఉండండి, ఫలితం వచ్చాక వేసవిలో వచ్చే కోర్సు పత్రంలో క్లాసు పేరు సరిచూసుకోండి. కంప్యూటర్ ఎంట్రీలో జారిపోయిన పేరును ఆగస్టు మొదటి వారంలో సరిదిద్దడం తేలిక. అక్టోబరులో అయితే ఆ క్లాసు నిండిపోయి ఉంటుంది.

జాబితాలో రాలేదనుకోండి, క్రెడిట్ బై ఎగ్జామ్ అనే దారి ఉంది. చదవని కోర్సుకు పరీక్ష రాసి 80 వస్తే ఆ కోర్సు దాటేయొచ్చు. చదివి తప్పిన కోర్సుకైతే 70 చాలు. డిస్ట్రిక్ట్ ఏడాదిలో కొన్ని తేదీల్లోనే ఈ పరీక్ష పెడుతుంది, నమోదు గడువు వారాల ముందే ముగుస్తుంది. జారిపోయేది సాధారణంగా ఇక్కడే.

పిల్లలు దెబ్బతినేది మరోచోట. వేసవి కోచింగ్‌లో పరీక్ష గట్టెక్కిస్తారు గానీ నిష్పత్తులు, రుణసంఖ్యలు, భిన్నాల భాగహారం పైపైన పోతాయి. ఎనిమిదిలో సమీకరణాలు వచ్చేసరికి పిల్ల 3x/4 = 9 దగ్గర ఆగిపోతుంది. ఆల్జీబ్రా రాక కాదు, భిన్నం రాక. ఇంట్లో ఒక చిన్న పరీక్ష పెట్టండి: 2/3ని 4/5తో భాగించమనండి, తర్వాత అలా ఎందుకు తిరగేశావని అడగండి. రెండో ప్రశ్నకు జవాబు రాకపోతే గ్రేడు దాటించడానికి తొందరపడొద్దు.

ఎనిమిదిలో ఆల్జీబ్రా 1 చదివితే అది హైస్కూల్ క్రెడిటే, రాష్ట్ర ఎండ్ ఆఫ్ కోర్స్ పరీక్ష కూడా అప్పుడే. గ్రాడ్యుయేషన్‌కు అలాంటివి ఐదు ఉంటాయి: ఆల్జీబ్రా 1, ఇంగ్లిష్ 1, ఇంగ్లిష్ 2, బయాలజీ, అమెరికా చరిత్ర. ఎనిమిదిలో వచ్చిన గ్రేడు హైస్కూల్ జీపీఏలో కలుస్తుందా లేదా అన్నది డిస్ట్రిక్టును బట్టి మారుతుంది. కౌన్సెలర్‌ని ఈ ఒక్క ప్రశ్న రాతపూర్వకంగా అడగండి. మొత్తం 22 క్రెడిట్లతో బయటపడొచ్చు. ఎండార్స్‌మెంట్‌తో, అంటే ఒక రంగం ఎంచుకుని అందులో అదనపు కోర్సులు చదివితే, 26. రాష్ట్ర విశ్వవిద్యాలయాల్లో ర్యాంకు బట్టి దొరికే ఆటోమేటిక్ ప్రవేశానికి డిస్టింగ్విష్డ్ లెవెల్ అనే పై స్థాయి కావాలి, దానికి ఆల్జీబ్రా 2 తప్పదు.

వేరే రాష్ట్రాల పాఠకులకు ఒక మాట. కాలిఫోర్నియాలో తొమ్మిదో గ్రేడ్ లెక్కల క్లాసు ఎలా కేటాయిస్తారో రాసిన విధానం ప్రతి డిస్ట్రిక్టుకూ ఉండాలని 2015 చట్టం చెప్పింది. బడి తెరిచిన మొదటి నెలలో కేటాయింపు సరిగా ఉందో లేదో తిరిగి చూడాలి కూడా. శాన్ ఫ్రాన్సిస్కో 2014లో ఎనిమిదో గ్రేడ్ ఆల్జీబ్రాని తీసేసింది. పదేళ్లు గొడవ నడిచింది. 2024 మార్చిలో ఓటర్లు తిరిగి పెట్టమన్నారు. ఏ పాఠం ఏ ఏడు అన్నది రాజకీయం కూడా. ఇంటిగ్రేటెడ్ మ్యాథ్ 1, 2, 3 నడిచే చోటు నుంచి, ఉదాహరణకు నార్త్ కరోలైనా నుంచి, మధ్యలో టెక్సస్ వస్తే పిల్లకు సగం ఆల్జీబ్రా, సగం జామెట్రీ అయి ఉంటాయి. ట్రాన్స్‌క్రిప్టు ఒక్కటే తెస్తే చాలదు. సిలబస్, యూనిట్ పరీక్షలు కూడా వెంట తెచ్చుకోండి.

ఏడులోనే ఆల్జీబ్రా ముగించే పరుగు చాలామందికి అనవసరం. పదకొండులో క్యాలిక్యులస్ బీసీ (ఏపీ క్యాలిక్యులస్‌లో పై కోర్సు) అయిపోతే పన్నెండులో ఆ బడిలో చెప్పేవాళ్లుండరు. కమ్యూనిటీ కాలేజీకి పంపాలి. బండి ఎవరు నడుపుతారో అప్పుడు ఆలోచిస్తున్నారు.

ప్రశ్న: నేను హెచ్-1బీ మీద ఉన్నాను. బోర్డు మీటింగ్‌లో మాట్లాడవచ్చా? స్కూల్ బోర్డు ఓటు అందరికీ ఉంటుందని విన్నాను.
– ఒక పాఠకుడు, న్యూజెర్సీ

జవాబు: మాట్లాడొచ్చు. ఓటు లేదు. గ్రీన్ కార్డుకూ లేదు. శాన్ ఫ్రాన్సిస్కోలో పౌరులు కాని తల్లిదండ్రులకు స్కూల్ బోర్డు ఓటిచ్చారు, 2016లో ఓటర్లు ఆమోదించారు. అలాంటి చోట్లు కొన్నే. అక్కడ కూడా వివరాలు ఇమిగ్రేషన్ వాళ్ల కంట పడవచ్చని నగరమే హెచ్చరిస్తుంది. డ్రైవింగ్ లైసెన్సు ఆఫీసులో "ఓటరుగా నమోదు చేయాలా" అన్న గడిలో పొరపాటున టిక్కు పెట్టి, తర్వాత పౌరసత్వం దరఖాస్తు దగ్గర చిక్కుకునేవాళ్లున్నారు. ఆ గడి దగ్గర రెండుసార్లు చదవండి.

మాట్లాడేముందు అజెండా చదవాలి. కాలిఫోర్నియాలో బ్రౌన్ చట్టం ప్రకారం మామూలు మీటింగ్ అజెండా 72 గంటల ముందు బయట పెట్టాలి. మీ రాష్ట్రంలో 1975 నుంచి ఉన్న సన్‌షైన్ చట్టం మీటింగులు తెరిచి ఉంచమంటుంది. అజెండాలో కన్సెంట్ అనే కట్ట ఉంటుంది. ఇరవై ముప్పై అంశాలు ఒక్క ఓటుతో పాసైపోతాయి. కాంట్రాక్టులు, ట్రిప్పులు, ఒక్కోసారి పాఠ్యపుస్తకాల కొనుగోలు కూడా అందులోనే దూరుతాయి. దాన్ని బయటికి తీసి విడిగా చర్చించమని బోర్డు సభ్యుడే కోరాలి. అందుకే ముందు రోజే ఈమెయిల్ పెట్టండి.

మూడు నిమిషాలిస్తారు సాధారణంగా. ఇంగ్లిష్‌లో 400 మాటలకు మించదు. మొదటి వాక్యంలోనే అజెండా అంశం నంబరు, మీకేం కావాలో చెప్పండి. ఒక టీచరు పేరెత్తితే అధ్యక్షులు ఆపేస్తారు, ఉద్యోగుల వ్యవహారం మూసిన గదిలోదని. అజెండాలో లేని విషయం మీద బోర్డు సాధారణంగా జవాబు చెప్పదు. ఆ మౌనాన్ని నిర్లక్ష్యమనుకుని గొంతు పెంచితే మీ పనే చెడుతుంది. అత్తగారో అమ్మగారో తెలుగులో మాట్లాడి అనువదింపించుకుంటామంటే టెక్సస్, కాలిఫోర్నియా చట్టాలు రెట్టింపు సమయం ఇమ్మంటాయి.

అసలు పని కమిటీల్లో జరుగుతుంది. కేలండర్ కమిటీ, టెక్సస్‌లో ఆరోగ్య సలహా మండలి, కాలిఫోర్నియాలో స్కూల్ సైట్ కౌన్సిల్. సాధారణంగా వీటికి వీసాతో నిమిత్తం ఉండదు. తల్లిదండ్రుల కుర్చీలు ఖాళీగానే ఉంటాయి.

ప్రశ్న: ఆరో గ్రేడ్‌లో ప్రాచీన భారతం పాఠం. పిల్లవాడు తెచ్చిన కాగితం మీద కులాల పిరమిడ్ బొమ్మ, కింద మెట్టులో ఎవరో, పైన ఎవరో. క్లాసులో అందరూ నువ్వే మెట్టు అని అడిగారట. ఎవరికి చెప్పాలి?
– ఒక తల్లి, కాలిఫోర్నియా

జవాబు: ముందు ఆ కాగితం ఎక్కడిదో తెలుసుకోవాలి. అడుగున ప్రచురణకర్త పేరు, పేజీ నంబరు ఉంటే పుస్తకంలోది. లేకపోతే టీచరు నెట్‌లో దింపుకున్నది. రెండోదయితే వారంలో తేలుతుంది: టీచరుకు మర్యాదగా ఈమెయిల్, పిల్లవాణ్ణి అడిగిన ప్రశ్న వివరం, ఆ కాగితం మార్చమని ఒక వాక్యం. తోటి పిల్లల వెక్కిరింపు సాగుతుంటే అది వేరే ఫిర్యాదు, బెదిరింపుల నిరోధక విధానం కిందికి వస్తుంది. రెండూ కలిపి రాస్తే రెండూ నిలవవు.

పుస్తకంలోదయితే దారి పొడుగు. రాష్ట్ర ప్రమాణాల్లో 6.5 అంశం ప్రాచీన భారత నాగరికత. ప్రమాణాలు, 2016లో తెచ్చిన ఫ్రేమ్‌వర్క్ రెండూ రాష్ట్ర బోర్డువి. ఎనిమిదో గ్రేడ్ దాకా పుస్తకాల జాబితా కూడా ఆ బోర్డే ఆమోదిస్తుంది, కొనేది డిస్ట్రిక్ట్. హైస్కూల్ పుస్తకాలు మాత్రం స్థానిక బోర్డు ఇష్టం. కాబట్టి పుస్తకం మార్చమని ప్రిన్సిపల్‌ని అడగడం కండక్టర్‌ని బస్సు రూటు మార్చమన్నట్టే. డిస్ట్రిక్ట్ కరిక్యులమ్ ఆఫీసుకు రాయండి. "మా మనోభావాలు దెబ్బతిన్నాయి" అంటే ఫైలు కదలదు. పుస్తకం పేరు, ముద్రణ, పేజీ, తప్పు వాక్యం, ప్రమాణంలో ఏముంది, బదులుగా ఏ వాక్యం ఉండాలి, ఇవి ఒక పేజీలో ఇవ్వండి.

కులం ఊసే తీసేయమని అడిగితే మాత్రం నిలవదు, నిలవకూడదు కూడా. 2005-06లో, మళ్లీ 2016లో ఈ విషయం మీదే రాష్ట్ర రాజధాని శాక్రమెంటోలో భారతీయ సంఘాలే రెండు వైపులా నిలబడి వాదించాయి. పిల్లవాణ్ణి మెట్టెక్కించి అడగడం తప్పు. చరిత్రలో మెట్లున్నాయని చెప్పడం తప్పు కాదు.

ప్రశ్న: మా పాప ఇక్కడే పుట్టింది, ఇంగ్లిష్ గలగలా మాట్లాడుతుంది. కిండర్‌లో చేరుస్తూ ఇంటి భాష తెలుగు అని రాశాం. ఇప్పుడు ఇంగ్లిష్ లెర్నర్ అన్నారు. రాయకుండా ఉండాల్సిందా?
– ఒక తండ్రి, టెక్సస్

జవాబు: నిజమే రాశారు, మంచిదే. ఆ ఫారమ్‌లో ఇంగ్లిష్ కాని భాష కనబడితే బడి పరీక్ష పెట్టి తీరాలి. ఐదేళ్ల పిల్ల కొత్త మనిషి ముందు నోరు విప్పకపోతే మార్కులు రావు, ముద్ర పడిపోతుంది. మాట్లాడటం వచ్చినా అక్షరాల ధ్వనులు, చదవడం పరీక్షలో విడిగా ఉంటాయి.

ఫారమ్‌లో పొరపాటు రాసి ఉంటే టెక్సస్‌లో చేరిన రెండు వారాల్లోపు, పరీక్ష జరగకముందు సరిదిద్దమనొచ్చు. కాలిఫోర్నియాలో మొదటి పరీక్ష జరిగేలోపు. పరీక్ష అయ్యాక మార్చరు. ఇంగ్లిష్ నేర్పే సేవలు వద్దని రాసివ్వొచ్చు, కానీ ముద్ర పోదు. ఏటా టెల్‌పాస్ అనే ఇంగ్లిష్ పరీక్ష రాయాల్సిందే. కాలిఫోర్నియాలో దాని పేరు ఎల్‌ప్యాక్. దిగువ గ్రేడ్లలో ఇది పెద్ద నష్టం కాదు. మిడిల్ స్కూల్ దాకా ముద్ర పోకపోతే మాత్రం బ్యాండో ఆర్కెస్ట్రానో పోయి ఆ పీరియడ్‌లో ఇంగ్లిష్ క్లాసు వచ్చే చోట్లున్నాయి. కాబట్టి ఏటా వచ్చే ఫలితంలో నాలుగు భాగాలూ చూడండి. వినడం, మాట్లాడటం, చదవడం, రాయడం. మన పిల్లలు ఎక్కువగా ఆగేది మాట్లాడటం దగ్గరే. మైక్ ముందు ఒక్క మాటలో జవాబు చెప్పేస్తారు. పూర్తి వాక్యాలు, కారణంతో సహా చెప్పడం ఇంట్లో ఒక వారం సాధన చేయిస్తే తేడా తెలుస్తుంది.

ప్రశ్న: బాబుకు మూడున్నర. మాటలు సరిగా రాలేదు. కిండర్‌లో చేరాక చూద్దామని బడిలో అన్నారు.
– ఒక తల్లి

జవాబు: ఆగకండి. మూడేళ్లు నిండిన పిల్లవాడి బాధ్యత, బడిలో చేరకపోయినా, ప్రత్యేక విద్యకు సంబంధించిన ఐడియా అనే ఫెడరల్ చట్టం కింద డిస్ట్రిక్ట్‌దే. ఖర్చు మీది కాదు. నోటి మాటతో గడియారం మొదలవదు. స్పెషల్ ఎడ్యుకేషన్ డైరెక్టరుకు తేదీ వేసి ఉత్తరం రాయండి: "మా అబ్బాయికి ప్రత్యేక విద్య అర్హత కోసం పూర్తి మూల్యాంకనం కోరుతున్నాం." ఏం గమనించారో నాలుగు లైన్లు చాలు.

టెక్సస్‌లో 15 బడి రోజుల్లో జవాబివ్వాలి, మీరు సంతకం పెట్టాక 45 బడి రోజుల్లో మూల్యాంకనం ముగించాలి. కాలిఫోర్నియాలో 15 రోజుల్లో మూల్యాంకన ప్రణాళిక, సమ్మతి తర్వాత 60 రోజుల్లో ఐఈపీ (పిల్లవాడికి ప్రత్యేకంగా రాసే విద్యా ప్రణాళిక) సమావేశం. న్యూజెర్సీలో 20 రోజుల్లో సమావేశం, సమ్మతి తర్వాత 90 రోజుల్లో మొత్తం. ఇంట్లో తెలుగే మాట్లాడతారని ముందే చెప్పండి. తెలుగు వాక్యాలు బాగా కట్టే పిల్లవాణ్ణి ఇంగ్లిష్ పరీక్షతో లోపమున్నవాడిగా తేల్చకూడదు. రెండు భాషలవల్లే ఆలస్యమని నచ్చచెప్పి పంపేయకూడదు కూడా. మీటింగుకు అనువాదకులు అవసరమైతే డిస్ట్రిక్టే పెట్టాలి.

ప్రశ్న: తెలుగుకు హైస్కూల్‌లో క్రెడిట్ వస్తుందా?

జవాబు: డిస్ట్రిక్ట్ ఒప్పుకుంటే వస్తుంది. ఆదివారం బడి సర్టిఫికెట్ ఒక్కటే చాలుతుందా, పరీక్ష కావాలా అన్నది వాళ్ల విధానం. చేరకముందే కౌన్సెలర్ నుంచి ఈమెయిల్‌లో తీసుకోండి. సీల్ ఆఫ్ బైలిటరసీ వేరు. అది రెండు భాషలు చదవడం, రాయడం వచ్చని డిప్లొమా మీద పడే ముద్ర, 2011లో కాలిఫోర్నియా మొదట చట్టం చేసింది. తెలుగుకు అవాంట్ స్టాంప్, ఏసీటీఎఫ్‌ఎల్ నోటి పరీక్ష లాంటివి ఉన్నాయి. మీ రాష్ట్రం దేన్ని ఒప్పుకుంటుందో ముందు చూడండి. గడగడా మాట్లాడే పిల్లలు రాతలో పడిపోతారు. కంప్యూటర్ మీద ఒత్తులు ఎక్కడున్నాయో వెతుక్కోవడంలోనే సమయం అయిపోతుంది. తెలుగు కీబోర్డు రెండు నెలల ముందు నుంచి అలవాటు చేయండి.

ప్రశ్న: అన్నయ్య కొడుకు విజిటర్ వీసా మీద వచ్చాడు, పదో గ్రేడ్. ఇక్కడి పబ్లిక్ స్కూల్‌లో ఒక ఏడాది చదివిద్దామా?

జవాబు: వద్దు. బడి చేర్చుకున్నా చేర్చుకోవచ్చు. పిల్లల వీసా అడిగి తిప్పి పంపకూడదని సుప్రీం కోర్టు 1982లో ప్లైలర్ కేసులో చెప్పింది. కానీ బీ-2 (విజిటర్ వీసా) మీద చదవడం ఆ వీసా షరతుకే విరుద్ధం, దెబ్బ తర్వాత తగులుతుంది. సరైన దారి ఎఫ్-1, అంటే విద్యార్థి వీసా. దాని మీద పబ్లిక్ హైస్కూల్‌లో మొత్తం 12 నెలలే, అదీ డిస్ట్రిక్టుకు అయ్యే పూర్తి ఖర్చు ముందే కట్టి. పబ్లిక్ ఎలిమెంటరీ బడికి ఎఫ్-1 కుదరదు. హెచ్-1బీ వాళ్ల మీద ఆధారపడి హెచ్-4 వీసాతో ఉన్న పిల్లలకు ఈ బెడద లేదు.

ప్రశ్న: దీపావళికి సెలవు ఇప్పించాలంటే?

జవాబు: కేలండర్ కమిటీకి వెళ్లండి, అదీ ఏడాదికి పైగా ముందే. అక్టోబరులో సంతకాలు సేకరిస్తే ఆ దీపావళికి ఏమీ జరగదు. న్యూజెర్సీలో, న్యూయార్క్‌లో 180 రోజులు, టెక్సస్‌లో 75,600 నిమిషాల చదువు నిండాలి. ఒక సెలవు అడిగితే ఏ రోజు బదులు ఇస్తారో కూడా మీరే చెబితే కమిటీ వింటుంది. న్యూయార్క్ నగర బడులకు 2023లో చట్టమే చేశారు. న్యూజెర్సీలో బడి తెరిచి ఉన్నా, మతపరమైన సెలవుల రాష్ట్ర జాబితాలో దీపావళి ఉంది కాబట్టి తల్లిదండ్రులు రాసిచ్చిన చీటీతో ఆ రోజు గైరుహాజరు లెక్కలోకి రాదు. చీటీ ఇవ్వడం మరిచిపోకండి.